ఫోన్ చదవని కాగితం

ఎర్రదొడ్డి అంగన్‌వాడీలో ఉన్నది ఒకటే ఖాళీ. దానికి ఒకే ఇంటి కోడళ్ళు ఇద్దరు దరఖాస్తు పెట్టారు. పదో తరగతి మార్కులను బట్టి చిన్నకోడలు శోభది మొదటి పేరు, పెద్దకోడలు మంజులది రెండో పేరు. కాగితాలు సరిచూసే రోజున, ఆదోనికి బయలుదేరే ముందు, మంజుల ఇద్దరి నివాస ధ్రువపత్రాలనూ దేవుని గూట్లో పెట్టి కుంకుమ భరిణె తెరిచింది. ధ్రువపత్రం కింది భాగంలో బార్‌కోడ్ గడి ఉంటుందనీ, ఆఫీసులో దాన్ని ఫోన్‌తో చదివిస్తారనీ ఆమెకు తెలుసు. కుంకుమ అంటిన వేలు శోభ కాగితం మీద ఆ గడి దాకా పోయింది. పోయిన వారం మనం ఆమెను అక్కడ వదిలాం.

వేలు అక్కడ ఆగింది. మంజుల చేయి వెనక్కి తీసుకుని కాగితం పై మూలన చుక్క పెట్టింది. తన కాగితానికీ మూలనే పెట్టింది. రెండింటినీ లోపలిది కనబడని రెండు ప్లాస్టిక్ కవర్లలో ఉంచి, గూట్లోనే వదిలి, స్నానానికి వెళ్ళింది.

ఎమ్మిగనూరు దాకా ఆటో, అక్కడి నుంచి ఆదోనికి బస్సు. వీరేష్ ఆదోనిలోని జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు కాబట్టి మంజుల స్నానం ముగించి వచ్చేసరికే బైకు మీద వెళ్ళిపోయాడు. అతను మంజుల భర్త. శోభ భర్త మారుతి బెంగళూరులో కట్టడం పనికి పోయి ఉన్నాడు. బయలుదేరేటప్పుడు అత్త హనుమంతమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి శోభ చేతికి ఇచ్చింది. శోభ కాపురానికి వచ్చి ఏడాది అయింది. అంతకు ముందు ఆ ఇంట్లో ఏ మూట కట్టినా మంజుల చేతికే ఇచ్చేవారు.

బస్సులో మంజుల ఆ మూటనే చూస్తూ కూర్చుంది.

ఆమె మనసులో లెక్క పెట్టుకున్న నొప్పులు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పాత టీచరు రిటైరయ్యాక అంగన్‌వాడీ పిల్లలకు వండిపెట్టింది మంజుల. జీతం లేదు. ఎప్పటికైనా ఆ ఉద్యోగం తనకే వస్తుందని ఊరంతా అన్నది, ఆమే అనుకున్నది. ఒకరోజు శోభ తోడుగా వచ్చింది. కర్ణాటక సరిహద్దులోని హొళగుంద పిల్ల కదా, కన్నడంలో పాట పాడింది. మరుసటి రోజు పిల్లలు గుమ్మంలో నిలబడి శోభ కోసం చూశారు. లోపల గుడ్ల పెంకులు తీస్తున్న మంజుల దగ్గరికి ఒక పిల్ల వచ్చి, "పాటత్త యాడ?" అని అడిగింది.

శోభ దరఖాస్తు పెట్టిందని తెలిసిన రోజు మంజుల భర్త ముందు ఏడ్చింది. అతను విన్నాడు. "ఎవరికొచ్చినా ఇంటికే గదా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆదోనిలో అంగన్‌వాడీల ఆఫీసు వరండాలో ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరిని లోపలికి పిలుస్తున్నారు. కోడలికి తోడు వచ్చిన రామమ్మ అనే ముసలామె అందరినీ ఊరూ పేరూ అడుగుతోంది.

"మీరిద్దరూ యా ఊరమ్మా?"

"ఎర్రదొడ్డి," అంది శోభ. "మా అక్క. తోడికోడండ్లం."

"ఇద్దరిదీ ఒగటే ఉద్యోగమా?"

"అవునవ్వా."

రామమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "అట్లయితే ఈపొద్దు మీ ఇంట్ల ఒగ పొయ్యి వెలగదు సూడు."

వరండా అంతా నవ్వింది. శోభ కూడా నవ్వింది. శోభ ఎందుకు నవ్వగలిగిందో మంజులకు తెలుసు. మొదటి పేరు వాళ్ళు నవ్వగలరు.

సూపర్‌వైజర్ మేడం కర్నూలు మనిషి. ఆమె పద్ధతి ఒకటే. కాగితం బల్ల మీద పెట్టిస్తుంది. బార్‌కోడ్ గడి మీద ఫోన్ పట్టుకుంటుంది. ఫోన్‌లో పేరు, భర్త పేరు, ఊరు, తేదీ వస్తాయి. వాటిని కాగితం మీది అక్షరాలతో పోల్చి టిక్కు పెడుతుంది. ఆ వివరాలన్నీ గడిలోనే ఉంటాయి కాబట్టి నెట్ లేకపోయినా ఫోన్ చదువుతుంది. ఫోన్ చదివిన కాగితమే కాగితం. చదవనిది కాదు.

ఇద్దరినీ కలిపి పిలిచారు. ముందు మంజులది తీసుకున్నారు. ఫోన్ కీచుమంది. మంజుల, భర్త వీరేష్, ఎర్రదొడ్డి, నందవరం మండలం. టిక్కు పడింది.

శోభ తన కవరు తెరిచి కాగితం బయటికి లాగింది. పై మూలన కుంకుమ చుక్క ఉంది. కింద గడి ఉండాల్సిన చోట గడి లేదు. ఎరుపు ఉంది. నూనె కలిపి రుద్దిన కుంకుమ. గడి నాలుగు అంచుల దాకా ఉంది.

మంజులకు మొదట కలిగింది సంతోషం. ఆ తరువాత అర్థమయింది. తను పెట్టింది మూలన మాత్రమే.

మేడం ఫోన్ పట్టుకుంది. దూరం జరిపింది, దగ్గర జరిపింది. ఫోన్ మాట్లాడలేదు. తడిగుడ్డ తెప్పించి తుడిచింది. కుంకుమతో పాటు కింద సిరా కూడా కరిగి గుడ్డకు నలుపు అంటింది.

"ఎవరమ్మా ఈ పూజ చేసింది?" అంది మేడం. "హాల్‌టికెట్‌కు పెడతారు, పట్టాకు పెడతారు. పెట్టుకోండి, నేను వద్దనను. మూలన పెట్టుకోండి. ఈ గడి ఏం పాపం చేసింది?"

"మ్యాడం, కాగితం నాదే. పేరు సూడండి. ముద్ర ఉంది సూడండి."

"పేరు, ముద్ర కంప్యూటర్‌లో ఎవరైనా మార్చేస్తారు. పోయినసారి ఇద్దరు అట్లా మార్చుకుని వచ్చారు. అక్షరాలు మార్చారు, గడి మాత్రం వేరేవాళ్ళది అలాగే వదిలేశారు. ఫోన్ పెడితే వేరే ఊరు, వేరే ఆడమనిషి. అప్పటి నుంచి నేను అక్షరాలను నమ్మను. నువ్వు ఏడాది కిందటే ఆ ఊరికి వచ్చావు కదా. ఆ ఊరి మనిషివని చెప్పేది ఈ కాగితం ఒక్కటే."

"ఇప్పుడేం సెయ్యాల మ్యాడం?"

"కొత్త ప్రింటు తెచ్చుకో. ఆఫీసు మూసేలోపల. రాకపోతే రెండో పేరు."

రెండో పేరు మంజులది. మేడం ఆ మాట మంజుల వైపు చూసి అనలేదు, కాగితం చూసి అంది. అయినా గదిలో ఉన్నవాళ్ళంతా మంజులనే చూశారు.

వీరేష్ గేటు దగ్గర బైకు మీద కూర్చుని ఉన్నాడు. మిల్లులో సెలవు అడిగి వచ్చాడని అప్పుడే తెలిసింది. మంజులకు ముందు చెప్పలేదు. శోభ పరుగెత్తుకుంటూ వెళ్ళి జరిగింది చెప్పింది.

"ఎక్కు," అన్నాడు. "మార్కెట్ యార్డు కాడ సేవా కేంద్రం ఉంది. పోయొచ్చాం."

మంజుల వరండా మెట్ల మీద నిలబడింది. ఆమె పేరు ఖాయమయినట్టే అని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను అడగలేదు. శోభ వెనక కూర్చుని ఒక చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకుంది. రెండో చేత్తో కొంగు సర్దుకుంది. ఆ బైకు కొన్నప్పుడు ఆదోని నుంచి ఎర్రదొడ్డి దాకా మంజుల భర్త భుజం పట్టుకుని వచ్చింది. ఆ తరువాత ఆసుపత్రికి తప్ప ఎక్కలేదు. పొలానికి నడిచిపోయేది, ఎమ్మిగనూరుకు ఆటోలో పోయేది. అడిగితే పెట్రోలు అనేవాడు.

బైకు పత్తి లారీ వెనక మలుపు తిరిగింది.

"మీ ఆయన మంచోడు," అంది రామమ్మ. "మరదలికి ఎంత ఆత్రపడతాండాడు!"

రొట్టెల మూట ఇప్పుడు మంజుల దగ్గర ఉంది, శోభ వదిలేసి పోయింది కాబట్టి. విప్పింది. తినలేదు. మళ్ళీ కట్టింది.

ఎవరు పూశారు? బడికి పోయే తన కొడుకును వదిలేస్తే ఇంట్లో ఉన్నది నలుగురు. శోభ తన కాగితం మీద తాను పూసుకోదు. అత్త పూయదు. అత్తకు కళ్ళు సరిగా ఆనవు, అయినా పూస్తే మంజుల కాగితం మీదే పూసేది. మంజుల అక్కడికి వచ్చి ఆగింది. మిగిలింది ఒక్క పేరు. ఆ పేరు మనిషి ఇప్పుడే శోభను బైకు మీద ఎక్కించుకుని పోయాడు. కాబట్టి అతనూ కాదు అనుకుంది. అలా అనుకోవడం కోపానికి కూడా సౌకర్యంగా ఉంది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి వరండాలో ఎండ వాలింది. వీరేష్ గేటు దగ్గరే ఆగాడు. శోభ నడిచి వచ్చింది. చేతిలో కాగితం లేదు.

"సర్వర్ లేదంట," అంది. "పొద్దున్నుంచీ లేదంట."

మంజుల ఊపిరి పీల్చుకుంది. శోభ అది విన్నది.

"సంతోషమా అక్కా?"

"నేనేమన్నా అన్నానా?"

"అననక్కర్లేదు. బస్సులో వచ్చినంతసేపూ నా మొగం సూడలేదు నువ్వు. నా కవరు సూసినావు." శోభ పక్కకు రమ్మని చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ బైకుల స్టాండు దగ్గర నిలబడ్డారు. "పొద్దున గూటి కాడ ఉన్నది నువ్వే గదా. కుంకుమ పెట్టింది నువ్వే గదా."

"మూలన పెట్టినా. నీదానికీ మూలనే, నాదానికీ మూలనే."

"మూలన ఉంది. కింద కూడా ఉంది. కిందిది యా దేవుడు పెట్టినాడు?"

"నాకు తెలీదు."

"తెలీదా? పోనీ, నీ కొడుకు మీద ఒట్టెయ్యి. గడి మీద పెట్టాలని అనుకోలేదని ఒట్టెయ్యి."

మంజుల నోరు తెరిచింది. పెట్టలేదని ఒట్టు అడిగితే వెయ్యగలిగేది. అనుకోలేదని అడిగింది శోభ.

"ఒట్లు ఏమిటికి?" అంది.

"సూడు!" శోభ గొంతు పెరిగింది. కోపం వస్తే ఆమెకు కన్నడం వస్తుంది. "అయ్యో దేవరే, నాను నిన్న అక్కా అంత కరెద్దె గదా! అక్కా అని పిలిస్తి, సొంత అక్క అనుకుంటి. ఇంట్ల నువ్వు తిన్నాకనే తింటి. నీ పాత చీర ఇస్తే అదే కట్టుకుంటి. నీకేం తక్కువ సేసినా సెప్పు."

"నువ్వు తక్కువ సెయ్యలేదు. ఎక్కువ సేసినావు."

"ఏం ఎక్కువ?"

"పిల్లోల్లకు నేను వండితిని. నువ్వొచ్చి పాట పాడితివి. ఇంటి పని నేను సేస్తిని. నువ్వొచ్చి ఫోన్‌లో అత్తకు సిన్నకొడుకును సూపిస్తివి. మూట నీ చేతికి వచ్చె. ఈ ఉద్యోగం ఒగటి నాకు మిగిలింది అనుకుంటి. దానికీ నువ్వే వస్తివి. ఊర్ల ఇంగెవరైనా వచ్చింటే నేను ఓర్సుకునేదాన్ని శోభా. మా ఇంట్ల నుంచే వస్తివే!"

శోభ అక్క చెయ్యి వదిలింది. తరువాత మెల్లగా అంది.

"దరఖాస్తు పెట్టమన్నది అత్త. నేను వద్దంటిని. నీకు సెప్పిందనుకున్నా."

మంజులకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒక మాట పుట్టి, అత్త నుంచి శోభకు చేరి, అక్కడే నిలిచిపోయింది. అదీ తన లెక్కలో పడింది.

అటెండరు వచ్చి మేడం పిలుస్తోందన్నాడు. వీరేష్ కూడా గేటు దగ్గర నుంచి వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సర్వర్ లేకపోతే నేనేం చేయలేను," అంది మేడం. "ఒకటే దారి. రెండో పేరు వాళ్ళు అభ్యంతరం లేదని రాసిస్తే, ఈమెకు సోమవారం దాకా గడువు ఇస్తాను. రాసివ్వకపోతే ఇప్పుడే రెండో పేరు పంపిస్తాను. ఏమ్మా మంజులా, నీ ఇష్టం. ఎవరి బలవంతమూ లేదు."

తెల్లకాగితం, పెన్ను మంజుల ముందుకు జరిగాయి.

శోభ అడగలేదు. బతిమాలితే మంజులకు పని సులభమయ్యేది. రాయనని చెప్పి లేచి వెళ్ళిపోయేది. శోభ గోడ వైపు చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మంజుల చూడకుండా తుడుచుకుంది.

మంజుల పెన్ను తీసుకుంది. రాయాలని కాదు. రాయనని చెప్పడానికి ముందు చేతికి ఏదో ఒకటి కావాలి. ఆ క్షణంలో ఆమెకు తోచింది ఒకటే. ఈ ఉద్యోగం వచ్చినా ఊళ్ళో పిల్లలు శోభ కోసమే గుమ్మంలో చూస్తారు. చూడనీ. జీతం రిజిస్టరులో పేరు మాత్రం తనది ఉంటుంది.

"మంజులా," అన్నాడు వీరేష్ గుమ్మంలో నుంచి. "నువ్వేమీ రాయొద్దు."

శోభ తల తిప్పి బావను చూసింది. మంజుల కూడా చూసింది. ఇన్నాళ్ళలో అతను తన వైపు మాట్లాడిన మాట అదే. ఆమె పెన్ను కింద పెట్టబోయింది.

అప్పుడే ఒక అమ్మాయి అతన్ని దాటుకుని లోపలికి వచ్చింది. వరండాలో కూర్చున్న రామమ్మ కోడలు. చేతిలో కాగితం ఉంది.

"మ్యాడం, కొత్త ప్రింటు తెచ్చినా. లామినేషన్ సేసింది చదవడం లేదంటిరి గదా."

మేడం కాగితం బల్ల మీద పెట్టి ఫోన్ పట్టుకుంది. ఫోన్ కీచుమంది. పేరు, భర్త పేరు, ఊరు వచ్చాయి. అడుగున ఈనాటి తేదీ ఉంది.

"ఎక్కడ తీశావు?" అంది మేడం.

"మార్కెట్ యార్డు కాడ మ్యాడం. ఇప్పుడే."

"సర్వర్ లేదన్నారే?"

"ఉంది మ్యాడం. పొద్దున్నుంచీ ఉందంట. రద్దీ కూడా లేదు."

మంజుల పెన్ను పట్టుకునే ఉంది. శోభ వైపు తిరిగింది.

"శోభా. కేంద్రం లోపలికి నువ్వు పోయినావా?"

"లేదక్కా. బావ బండి కాడ నిలబడమన్నాడు. తనే పోయొచ్చినాడు."

"పా, ఇంటికి పోదాం," అన్నాడు వీరేష్. మంజులనే చూస్తున్నాడు. "పా మంజులా. ఇంటి మాటలు ఈడ వద్దు."

"నువ్వు లోపలికి పోయినావా? పోలేదా?"

అతను గుమ్మం పట్టుకున్నాడు. నూనె మరకలు పడిన చొక్కాతోనే వచ్చాడు మిల్లు నుంచి. భార్యను చూశాడు, మేడంను చూశాడు, మళ్ళీ భార్యను చూశాడు.

"నీ కోసమే గదా," అన్నాడు. "పొద్దున సేసింది, ఇప్పుడు సేసింది, అంతా నీ కోసమే గదా. ఆపొద్దు నువ్వు ఏడిస్తే నేను నిద్రపోయినాననుకున్నావా?"

శోభ గోడకు ఆనుకుంది. మంజులకు మొదట తోచింది సిగ్గు కాదు, భయం కాదు. ఇన్నాళ్ళూ ఇతను తన పక్కనే ఉన్నాడా అని తోచింది. ఆ ఆలోచన వచ్చినందుకు తరువాత సిగ్గుపడింది.

మేడం ఫోన్ బల్ల మీద బోర్లించింది. శోభ పాడయిన కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఏం చదువుకున్నావయ్యా నువ్వు?"

"సదువు లేదు మ్యాడం. సంతకం వస్తాది."

"కాగితం నిండా అక్షరాలున్నాయి. ముద్ర ఉంది. ఫోటో ఉంది. అవన్నీ వదిలేసి సరిగ్గా ఈ గడి మీదే పూశావు. పాడు చేయాల్సింది ఇదేనని నీకు ఎవరు చెప్పారు?"

వీరేష్ తల వంచుకున్నాడు. మంజులకు తాను ఏడ్చిన ఆ రోజు గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఏడుపు మధ్యలో తాను అన్న మాట కూడా గుర్తుకు వచ్చింది. ఆ నల్ల గడి ఒక్కటి ఫోన్ చదవకపోతే సాలు, దాని కథ అయిపోతాది అంది. అప్పుడు అతను అటు తిరిగి పడుకున్నాడు.

శోభ గోడను వదిలి ముందుకు వచ్చింది. బావను కాదు, అక్కను చూసింది.

"నువ్వు సెప్పు అక్కా," అంది. "ఎవరు సెప్పినారు?"